పదకొండో బ్యాచ్

నన్ను ఎవరైనా మంచివాడంటే ఈమధ్య నాకు ఒళ్ళు మండుతోంది. అన్నవాళ్ళ మీద కాదు, నా మీదే. మా నిమ్మఉప్పు కంపెనీలో గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి ఓనరు దాకా అందరూ అదే మాట. వాళ్ళు ఎందుకలా అంటున్నారో, ఆ మాటకి నేను ఎంత తగనో చెప్పుకోకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

నా పేరు అప్పలనరసింహం. ఊరు మునగపాక. ముప్ఫై ఏళ్ళు బెల్లం వండాను. అనకాపల్లి మార్కెట్లో దిమ్మ చూడగానే ఇది నరసింహం చేతి పాకం అని చెప్పగలిగిన దళారులు ఉండేవారు. తరవాత చెరకు వేసేవాళ్ళు తగ్గారు, గానుగలు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. బెల్లం వ్యాపారం చేసే దేవీప్రసాద్ గారు అనకాపల్లి బయట, హైవేకి కాస్త లోపలగా, నిమ్మఉప్పు తయారుచేసే చిన్న కంపెనీ పెట్టి, మొలాసిస్ సంగతి నీకంటే ఎవడికి తెలుసు రమ్మని నన్ను పిలిచారు. వెళ్ళాను.

నిమ్మఉప్పు నిమ్మకాయల్లోంచి వస్తుందనుకుంటారు జనం. నేనూ అలాగే అనుకున్నాను. మా కంపెనీ గడప నిమ్మకాయ తొక్కదు. చక్కెర మిల్లులో మిగిలిన నల్లటి మడ్డిపాకం, అదే మొలాసిస్, మార్కెట్లో ఎవడూ కొనని నల్లబెల్లం తెచ్చి, నీళ్ళలో కలిపి మరగబెట్టి, అయిదు వేల లీటర్ల స్టీలు ట్యాంకులో పోసి, అందులో బూజు వేస్తారు. పాడైన ఉల్లిపాయ పొరల మీద నల్లగా పడుతుందే, ఆ జాతి బూజు. అడుగు నుంచి గాలి ఊదుతూ ఉంటే అది వారం రోజుల్లో తీపినంతా తిని పులుపు చేస్తుంది. ఆ పులుపు నీళ్ళని వడగట్టి, సున్నంతో విరిచి, యాసిడ్‌తో తేర్చి, ఆరబెడితే తెల్లటి పలుకులు వస్తాయి. మనం పచ్చళ్ళలో, సోడాల్లో తినేది అదే. మొదటిసారి విన్నప్పుడు నమ్మలేదు. ఓరి మీ తెలివి కాలా, బూజుతో తిండి వస్తువు చేస్తార్రా అనుకున్నాను.

ఇదంతా నాకు అర్థమయ్యేలా చెప్పింది ఇందు. ల్యాబ్ మొత్తానికీ ఆ అమ్మాయి ఒక్కతే. ఎలమంచిలి నుంచి రోజూ పొద్దున్న రైల్లో వచ్చేది. ఎమ్మెస్సీ చదివింది. ఇరవై అయిదేళ్ళు ఉంటాయేమో. నన్ను మొదటిరోజే బాబాయ్ అంది. నేను పాపా అనేవాణ్ణి. నాకు ఆడపిల్లలు లేరు.

"ఈ బూజుకి ఇనుము పడదంట గదా పాపా?" అని ఒకసారి అడిగాను.

"పడక కాదు బాబాయ్, బాగా పడతాది. అదే తంటా. ఇనుము దొరికిందంటే హాయిగా తిని బలుత్తాది గానీ పులుపు ఇవ్వదు. అది కరువులో ఉంటేనే మనకి పని చేత్తాది."

మొలాసిస్‌లో మిల్లు తుప్పంతా ఉంటుంది కాబట్టి, దాన్ని లాగడానికి ఇందు పసుపు రంగు పలుకుల మందొకటి వేసేది. ఫెర్రోసైనైడ్ అంటారు. అది వెయ్యగానే ఇనుమంతా నీలం మడ్డి అయి అడుక్కి దిగుతుంది. పైతేట మాత్రం వడగట్టి ట్యాంకులోకి పంపుతాం. మందు తక్కువైతే ఇనుము మిగులుతుంది, ఎక్కువైతే బూజే చస్తుంది. అందుకని ఆ అమ్మాయి కాంటా మీద ఒకసారి తూచి, దించి, మళ్ళీ తూచేది. అంకె నేను పైకి చదివితే తను పుస్తకంలో రాసుకునేది. అది మా ఇద్దరి అలవాటు.

ఇప్పుడు తాతబ్బాయి సంగతి చెప్పాలి. బాయిలర్ దగ్గర పని చేస్తాడు, నాకు వరసకి బావ అవుతాడు. మొన్న వేసవిలో ఒకరోజు బాయిలర్ గది గుమ్మానికి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు దండగుచ్చి వేలాడదీశాడు. నేను అది అందరి ముందూ పీకి అవతల పారేశాను.

"సైన్సు జరిగే సోట ఈ ఎర్రి పనులేటి బావా? నిమ్మకాయకి దడిసి బూజు పనిసేత్తాదేటి?" అన్నాను.

అందరూ నవ్వారు. ఇందు కూడా నవ్వింది. దేవీప్రసాద్ గారైతే, చదువుకోకపోయినా నరసింహానికి ఉన్న బుర్ర మన ఇంజినీర్లకి లేదని పొగిడారు. ఆ పొగడ్త నాకు చాలా బాగుంది. వారం రోజులు దాని మీదే బతికాను. తాతబ్బాయి మొహం చిన్నబుచ్చుకున్న సంగతి అప్పుడు నా కంటికి ఆనలేదు.

పదో బ్యాచ్ బ్రహ్మాండంగా వచ్చింది. అంత పులుపు అంతకుముందు ఎప్పుడూ రాలేదు. విశాఖపట్నం నుంచి పచ్చళ్ళ కంపెనీ వాళ్ళు ఎనిమిదిమంది చూడ్డానికి వచ్చారు. ల్యాబ్‌లో ఇందు చుట్టూ మూగి ఒకటే పొగడ్త. ఇంత చిన్న పిల్లా ఇదంతా చేస్తోంది, ఆ చేతిలో ఏదో మహత్తు ఉంది, మా వాడు ఉన్నాడు ఎందుకూ, అంటూ ఒకావిడ ఇందు చేతిని పట్టుకుని తిప్పితిప్పి చూసింది. తరవాతి బ్యాచ్ సరుకు కూడా ఇలాగే ఉంటే ఏడాది పొడుగునా మీ దగ్గరే కొంటామని చెప్పి వెళ్ళారు. మర్నాడు ఇందు రైలు దిగి వస్తూనే రెండుసార్లు వాంతి చేసుకుంది. కళ్ళు లోపలికి పోయాయి. ఏదో తిన్నది పడలేదంది. నా మనసు ఒప్పుకోలేదు. ఎనిమిది జతల కళ్ళు ఒక్కసారి పడితే ఏమవుతుందో నాకు తెలుసనుకున్నాను.

మా అమ్మ అప్పలకొండమ్మ గానుగ ఆడే రోజుల్లో ఒక పని చేసేది. బెల్లం బాగా కుదిరి, పొరుగూరి వాళ్ళు వచ్చి పెనం చుట్టూ నిలబడి ఆహా ఓహో అన్నారంటే, వాళ్ళు వెళ్ళగానే విరిగిన కొడవలి ముక్కొకటి తెచ్చి తరవాతి పెనం రసంలో వేసేది. ఇనుము ఉన్న చోట దిష్టి నిలవదంటారు. పాకం దించేటప్పుడు ఆ ముక్క తీసి కడిగి చూరులో పెట్టేది. నేను వండిన ముప్ఫై ఏళ్ళూ నేనూ అదే చేశాను. పెనమే ఇనుము, గరిటె ఇనుము, ఏ రోజూ బెల్లం చెడలేదు.

ఆ ముక్క ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. ఉంది కాదు, ఉండేది. పదకొండో బ్యాచ్‌కి ముందు ట్యాంకు కడగడానికి మూత తీసి లోపలికి దిగినప్పుడు, దాన్ని జేబులోంచి తీసి, అడుగున గాలి గొట్టం పక్కన ఇరికించి పైకి వచ్చాను. అరచెయ్యంత ముక్క. అయిదు వేల లీటర్లలో అది ఏపాటి అనుకున్నాను. మిల్లు తుప్పు సంగతి వేరు, మా అమ్మ కొడవలి సంగతి వేరు అనుకున్నాను. ఎవరైనా చూస్తారేమోనని మాత్రం రెండుసార్లు పైకి చూసుకున్నాను. తప్పు కాదనుకున్న పనికి ఆ దొంగచూపులెందుకో అప్పుడే నన్ను నేను అడుక్కుని ఉండాల్సింది.

ఆ రోజు ఇందు మందు తూచింది. రెండువేల నాలుగు వందల గ్రాములు. రెండుసార్లూ అదే అంకె. రెండుసార్లూ నేనే చదివాను.

మూడో రోజు పొద్దున్న ఇందు ట్యాంకు కుళాయి విప్పి గాజు గ్లాసులో పట్టింది. మామూలుగా ఆ వేళకి బూజు సగ్గుబియ్యంలా చిన్నచిన్న ఉండలు కట్టి తేలుతుంది. ఆ రోజు గ్లాసులోకి జారింది రాగి అంబలి. పీచులు పీచులుగా, జిగటగా. ఇందు గ్లాసుని వెలుతురుకి ఎత్తిపట్టి అలాగే నిలబడిపోయింది.

"ఇదేటి బాబాయ్ ఇలాగుంది?"

అది నా ఇనప ముక్క పనేనని నాకు తెలిసిపోయింది. అప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది. బ్యాచ్ ఎలాగూ పోయేది, కానీ పోయేది బ్యాచ్ ఒక్కటే. చెప్పలేదు. గాలి సరిగ్గా ఆడ్డం లేదేమో చూడమన్నాను. ఆ పిల్ల నా మాట పట్టుకుని గాలి గొట్టాలన్నీ ఒక పూటంతా పరీక్ష చేసింది.

ఆరో రోజుకి ట్యాంకులో నురగ కూడా కదలని చిక్కదనం వచ్చింది. పులుపు లేదు. నాలిక మీద వేసుకుంటే చప్పటి తీపి. బూజు మాత్రం ఏపుగా, చక్కగా, పండక్కి తిన్న అల్లుడిలా బలిసింది. దేవీప్రసాద్ గారు శాంపిల్ విశాఖపట్నం ల్యాబ్‌కి పంపారు. ఇనుము ఉండాల్సిన దానికంటే చాలా రెట్లు ఎక్కువ ఉందని రిపోర్టు వచ్చింది. దాంతో పచ్చళ్ళ వాళ్ళు ఫోన్ ఎత్తడం మానేశారు.

బ్యాచ్‌ని గుంటలోకి వదిలేశాక ట్యాంకు కడగడానికి దిగింది నేనే. ముక్క అక్కడే ఉంది. నేను పెట్టినప్పుడు నల్లగా, తుప్పుతో ఉంది. ఇప్పుడు చింతపండుతో తోమినట్టు తెల్లగా, ఆకంత పల్చగా ఉంది, అంచులు తినేసి ఉన్నాయి. మిగతాదంతా ఎక్కడికి పోయిందో అడగక్కర్లేదు. దాన్ని లుంగీ మడతలో దాచి, సాయంత్రం ఇంటికెళ్తూ శారదా నది వంతెన మీద సైకిల్ ఆపి నీళ్ళలోకి విసిరేశాను. మా అమ్మ చేతి వస్తువు. ఆవిడ గుర్తుకి మిగిలిందల్లా అదొక్కటే. ఆవిడ బతికుంటే నా చెంప పగలగొట్టేది, ముక్క పారేసినందుకు కాదు.

మర్నాడు ఆఫీసు గదిలో దేవీప్రసాద్ గారు, ఇందు, నేను. రిపోర్టు బల్ల మీద ఉంది.

"మందు తక్కువేసేవు, అంతే," అన్నారాయన.

"లేద్సార్. రెండుసార్లు తూచి పుస్తకంలో రాసేను."

"పుస్తకంలో రాసింది నువ్వే కదా. రెండుసార్లూ తప్పే తూచేవేమో. మరి ఈ ఇనుము ఎక్కణ్ణుంచొచ్చినట్టు? ఆకాశం లోంచి ఊడిపడిందా?" అని ఆయన నా వైపు తిరిగారు. "నరసింహం, నువ్వు పక్కనే ఉంటావు కదా. ఆ రోజు కాంటా చూసేవా, ఎంతేసిందో?"

ఇందు కూడా నా వైపు తిరిగింది. ఆ మొహంలో భయం లేదు, నిశ్చింత ఉంది. బాబాయ్ ఉన్నాడు కదా, అంకె చదివింది ఆయనే కదా అన్న ధైర్యం.

తూకం సరిగ్గానే ఉందని నేనంటే, తరవాతి ప్రశ్న ఇనుము ఎలా వచ్చిందని. అప్పుడు ట్యాంకు మాట వస్తుంది, ట్యాంకులోకి దిగేది నేనొక్కణ్ణే. తాతబ్బాయి నిమ్మకాయలు పీకి పారేసిన నేను. సైన్సు, సైన్సు అని వాగిన నేను. గుమ్మడికాయల దొంగ అనకముందే నేను భుజాలు తడుముకుంటున్నాను. ఊరంతా నవ్వుతుందన్నదే నాకు కనిపించింది. ఆ పిల్ల మొహం ఎదురుగా ఉన్నా కనిపించలేదు.

"నేను సూడనేదు బాబూ. బస్తా ఇప్పడానికి ఎల్లేను," అన్నాను.

ఇందు నా కళ్ళలోకి చూసింది. నేను రిపోర్టు కాగితం వైపు చూశాను.

తప్పు ఒప్పుకుంటూ కాగితం రాసిస్తే పనిచేసినట్టు సర్టిఫికెట్ ఇస్తామన్నారు దేవీప్రసాద్ గారు. ఇందు రాసిచ్చి, టిఫిన్ క్యారేజీ తీసుకుని, గేటు దాటి వెళ్ళిపోయింది. వెళ్తూ నాకు చెప్పకుండా వెళ్ళలేదు. "వత్తాను బాబాయ్" అంది. ఆ మాట నాకు తిట్టు కంటే ఎక్కువ తగిలింది.

దొంగకి తేలు కుట్టినట్టయింది నా బతుకు. అరవడానికి లేదు, నొప్పి తగ్గదు. మా ఆవిడ సత్యలక్ష్మి ఏమైందని అడిగితే గ్యాస్ అన్నాను. వాము వేసి మజ్జిగ ఇచ్చింది. తాగాను.

అయిదు వారాల తరవాత మా బావమరిది ఇంటికని ఎలమంచిలి వెళ్ళాను. తిరిగొస్తూ బస్టాండు దగ్గర బీపీ మాత్రలకి మందుల షాపులోకి వెళ్ళాను. లోపల ఇందు. నీలం కోటు వేసుకుని, బల్ల మీద మాత్రలు విడివిడిగా పేర్చి లెక్కపెడుతోంది. నన్ను చూడలేదు. పది మాత్రలు. లెక్కపెట్టింది. మళ్ళీ పెట్టింది. కవర్లో వేసి, మళ్ళీ బయటికి తీసి, వేలితో ఒక్కొక్కటీ ముట్టుకుంటూ మూడోసారి లెక్కపెట్టింది. వరసలో ముసలాయన విసుక్కుంటున్నాడు. వెనక నుంచి షాపు ఓనరు, "అమ్మా తల్లీ, పది మాత్రలకి పది నిమిషాలా?" అని అరిచాడు. ఇందు బెదిరిపోయి నాలుగోసారి లెక్కపెట్టింది.

తలెత్తినప్పుడు నన్ను చూసింది. నవ్వింది కూడా.

"బాగున్నారా బాబాయ్? బ్యాచ్‌లు బాగా వత్తన్నాయా?"

"ఏటమ్మా, అన్నిసార్లు లెక్కెడతన్నావు?"

"నా లెక్క మీద నాకే నమ్మకం లేదు బాబాయ్," అంది చాలా మామూలుగా. "ఆ రోజు మీరు అంకె చదివినట్టే నాకు చెవుల్లో ఉంది. రెండువేల నాలుగొందలు, రెండువేల నాలుగొందలు అని. మీరేమో బస్తా దగ్గరున్నానన్నారు. అంటే నేను వినని మాట విన్నట్టు అనుకున్నానన్నమాట. అలాంటి బుర్రని ఎలా నమ్మడం?"

మాత్రలు తీసుకోకుండానే బయటికి వచ్చేశాను. బస్సులో నిలబడే వచ్చాను, సీటు ఖాళీగా ఉన్నా కూర్చోబుద్ధి కాలేదు. ఆ పిల్ల ఉద్యోగం పోగొట్టానని ఇన్నాళ్ళూ కుమిలాను. తీరా చూస్తే నేను పాడుచేసింది ఉద్యోగాన్ని కాదు. తన చెవులు తను నమ్మకుండా చేశాను. ఒక్క అబద్ధంతో.

మర్నాడు పొద్దున్నే దేవీప్రసాద్ గారి గదిలోకి వెళ్ళి తలుపు వేశాను.

"బాబూ, పదకొండో బ్యాచ్ సెడగొట్టింది నేను. దిట్టి తగల్దని ట్యాంకులో ఇనప ముక్కేసేను. ఆ పిల్ల తప్పేటీ నేదు."

ఆయన కాసేపు నన్ను చూసి, పకపకా నవ్వారు.

"నువ్వా? దిష్టికి ఇనుమేసేవా? తాతబ్బాయి నిమ్మకాయలు తెంపి పారేసింది నువ్వు కాదేటి?"

"నేనే బాబూ. ఇదీ నేనే."

"సరే, ఏదీ ఆ ముక్క? చూపించు."

"ఏట్లో పారేసేను."

"ఊఁ. ఏట్లో పారేసేవు." ఆయన లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. "నరసింహం, ఆ పిల్ల మీద నీకు ఎంత జాలో నాకు తెలీదనుకున్నావా? చెయ్యని తప్పు నెత్తినేసుకోడానికొచ్చేవు. నీలాంటి మంచోడు ఈ రోజుల్లో ఎక్కడున్నాడు? పో, పని చూసుకో."

ఇదిగో, ఇక్కడ నేను చేసింది చెప్పడానికే ఇంతసేపూ తిరుగుతున్నాను. నేను బల్ల గుద్ది చెప్పలేదు. మా అమ్మ మీద ఒట్టు వెయ్యలేదు. కాంటా అంకె చదివింది నేనేనన్న మాట అసలు ఎత్తనే లేదు. చెప్పాల్సింది చెప్పేశాను, వాళ్ళు నమ్మకపోతే నేనేం చేసేది అనుకున్నాను. లోపల ఎక్కడో హమ్మయ్య అనిపించింది. గండం గడిచినట్టు. ఆ హమ్మయ్యని తలుచుకుంటే ఇప్పటికీ నా తల నేను ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఆ మధ్యాహ్నానికి ఆయన నోటి మీదుగా కంపెనీ అంతా తెలిసిపోయింది. తాతబ్బాయి టీ గ్లాసు నాకు ముందు అందించాడు. "నిన్ను అపార్థం సేసుకున్నాను బావా. నువ్వు దేవుడివి," అన్నాడు. వాడి టీ తాగకుండా పక్కన పెట్టేశాను. వాడే ఎలమంచిలి వెళ్ళినప్పుడు ఇందుకి కూడా చెప్పాడు.

ఆదివారం పొద్దున్న ఇందు మునగపాకలో మా ఇంటికి వచ్చింది. చేతిలో మాడుగుల హల్వా డబ్బా. సత్యలక్ష్మి చాప వేసి మంచినీళ్ళు ఇచ్చింది. నేను అరుగు మీద ఉన్నాను. ఇందు రావడం రావడమే వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టింది.

"నా కోసం మీ పరువు పోగొట్టుకోడానికి సిద్ధమయ్యేరట. సొంత బాబాయైనా చెయ్యడు," అంది. ఆ అమ్మాయి కళ్ళు నిండి ఉన్నాయి.

కాళ్ళు వెనక్కి లాక్కున్నాను. అవి నావి కావన్నంత సిగ్గేసింది. ఇక ఒక్క క్షణం కూడా ఆ దణ్ణం నా మీద ఉంచుకోలేకపోయాను.

"నెగమ్మా. నాకు దణ్ణం ఎట్టకు. నేను సెప్పింది నిజం. నిజంగానే ఏసేను."

"చాల్లే బాబాయ్."

"మా యమ్మ కొడవలి ముక్క. గాలి గొట్టం పక్కన ఎట్టేను. ఎట్టినప్పుడు నల్లగా తుప్పుతోటుంది. తీసినప్పుడు తెల్లగా ఆకులాగుంది, అంసులు కొరికేసినట్టు. సెయ్యి తెగుతాదేమోనని లుంగీతో పట్టుకున్నాను."

ఇందు మొహంలో నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆ వివరం కట్టుకథలోంచి రాదని ల్యాబ్‌లో పనిచేసిన పిల్లకి తెలుసు. లేచి నిలబడి, మళ్ళీ చాప మీద కూర్చుంది. వంటింటి గుమ్మంలో సత్యలక్ష్మి చేతిలో గరిటెతో అలాగే నిలబడి ఉంది. ఆవిడకీ ఇదే మొదటిసారి వినడం.

ఇనుము గురించి అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

"కాంటా అంకె మీరు చదివేరా, లేదా?"

"సదివేను."

"రెండుసార్లు?"

"రెండుసార్లూ. రెండువేల నాలుగొందలు."

ఇందు రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. ఏడుస్తోందో, ఊపిరి తీసుకుంటోందో తెలియలేదు. కాసేపటికి చేతులు తీసి నన్ను చూసింది.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు బాబాయ్?"

"సిగ్గేసిందమ్మా."

"నాకూ సిగ్గేసింది," అంది. "ఇంట్లో అమ్మకి మొహం చూపించలేకపోయేను. రైల్లో తెలిసిన వాళ్ళు కనపడితే ఇంకో పెట్టెలోకెళ్ళి కూచున్నాను. మీరు చేసినదానికి మీకు సిగ్గేసింది. నాకు చెయ్యనిదానికి."

నేనూ చాప చివర కూర్చున్నాను.

ఇందు సంచీలోంచి తెల్లకాగితం, పెన్ను తీసి హల్వా డబ్బా మీద పెట్టుకుంది. జరిగింది జరిగినట్టు చెప్పండి, నేను రాస్తాను, మీరు సంతకం పెట్టండి, రేపు ఇద్దరం కలిసి సార్ దగ్గరకెళ్దాం అంది. ఉద్యోగం ఇవ్వకపోయినా ఫర్వాలేదు, నేను రాసిచ్చిన కాగితం మాత్రం వెనక్కి కావాలంది. సరే అన్నాను. చెప్పడం మొదలుపెట్టాను. ట్యాంకు కడగడం, మూత, గాలి గొట్టం. ముక్క ఎందుకు పెట్టానన్న చోటికి వచ్చేసరికి నా నాలిక తడబడింది.

"దిట్టి అని రాయకమ్మా. కడిగినప్పుడు సెయ్యి జారి పడిపోయిందని రాయి. పారో పట్టుకారో అని రాయి. నవ్వుతారు."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాకగానీ నాకు వినిపించలేదు. ఇంత జరిగాక, ఆ పిల్ల ఎదురుగా కూర్చుని ఉండగా, ఇంకా నా మొహమే నేను కాపాడుకుంటున్నాను. గుమ్మంలో సత్యలక్ష్మి చీ అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇందు పెన్ను ఆపింది. కోప్పడలేదు.

"దిష్టి వద్దంటే తీసేత్తాను బాబాయ్. అది మీ ఇష్టం. కాంటా మాట మాత్రం తియ్యను."

"ఉంచమ్మా," అన్నాను. "రెండూ ఉంచు. మా యమ్మ పేరు కూడా రాయి."

రాసింది. పూర్తయ్యాక కాగితం నా చేతికిచ్చి, సంతకం పెట్టే ముందు పైకి చదవమంది. నాకు చదువు కూడబలుక్కుంటూ వస్తుంది. దిష్టి మాట దగ్గర తడబడలేదు. చదివి ముందుకెళ్ళాను. "కాంటా అంకె రెండుసార్లూ నేనే చదివాను. అడిగినప్పుడు చూడలేదని అబద్ధం చెప్పాను" అన్న వాక్యం దగ్గరకి వచ్చేసరికి అక్షరాలు మసకలయ్యాయి. ఆ వాక్యాన్ని లోపల గొణుక్కుని తరవాతి దానికి వెళ్ళబోయాను.

"నాకు వినపళ్ళేదు బాబాయ్," అంది ఇందు. "మళ్ళీ చదవండి."

చదివాను.

"ఇంకోసారి," అంది.